ఎలుకలో లేని హార్మోన్

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి సైంటిస్టు నిలబడే ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు. కోటు హ్యాండ్ రెయిలుకి చిక్కుకోవడంతో కింద పడలేదు, అంతే. మెడ మీద దోమ కుట్టినంత సూది గుర్తు.

ఉదయం తొమ్మిదింటికి సీక్రెట్ సర్వీస్ చీఫ్ టేబుల్ మీద రికార్డర్ నొక్కాడు. సైంటిస్టు చేసిన ఆఖరి ఫోన్ కాల్ అది. రొప్పుతున్న గొంతు.

"ఎలుకకి లేదు... మనిషికి ఉంది... ఇంజక్షన్ ఆపండి..."

"ఏం లేదు సార్ ఎలుకకి?" అడిగాడు ఎదురుగా కూర్చున్న ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ ఫిల్టర్ అంటారు. లోకం దృష్టిలో అతను వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే సేల్స్‌మన్. సొంత చెల్లెలికి కూడా అంతవరకే తెలుసు.

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానయ్యా?" చీఫ్ విసుక్కున్నాడు. "విదేశీ ముఠా ఒకటి దిగింది. గర్భిణీలకి వాంతులు తగ్గించే కొత్త ఇంజక్షన్ అంటూ ఎక్కడో ఒక క్లినిక్‌లో ఇవాళ నలభై మందికి వేస్తారట. కాగితాలన్నీ పక్కా. ఎలుకల మీద పరీక్ష పాస్. ప్రూఫ్ లేకుండా నేను వేలు పెడితే నా ఉద్యోగం పోతుంది, మందు ఇంకో చోట తేలుతుంది. ప్రూఫ్ పట్టుకురా."

"ఎవర్ని కలవాలి?"

"ఆ మందుని పరీక్షించిన సైంటిస్టు దగ్గర పనిచేసిన అసిస్టెంట్ మేడమ్‌ని. ఆవిడ మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. జాగ్రత్త."

"ఎలా గుర్తుపట్టాలి సార్?"

"గుర్తుపట్టక్కర్లేదు. నీ తలే అటు తిరుగుతుంది."

నిజంగానే తిరిగింది. కాఫీ షాపు మూలన ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలు, మూడు టేబుళ్ళ దాకా సెంటు వాసన. ఫిల్టర్ వెళ్ళి కోడ్ వర్డ్ చెప్పాడు.

"ఈ కాఫీలో పంచదార ఎక్కువైందండీ."

"మీకే షుగరుందేమో చూపించుకోండి," అంది మేడమ్. కోడ్ కలిసింది. ఫిల్టర్ కూర్చున్నాడు.

"కడుపులో పడగానే బిడ్డ తల్లి ఒంటికి ఒక కబురు పంపుతుంది," మేడమ్ గొంతు తగ్గించింది. "నేనొచ్చాను, నెలసరి ఆపు అని. ఆ కబురు మోసే హార్మోన్ పేరు హెచ్‌సీజీ. కోట్ల ఏళ్ళ కిందట, కోతులకీ మనకీ పూర్వీకులు ఒకరే అయిన రోజుల్లో, అండాన్ని విడుదల చేయించే హార్మోన్ జీన్ పొరపాటున రెండు కాపీలైంది. ఒక కాపీ పాత పనే చేసుకుంటూ పోయింది. రెండోదానికి కొంచెం తోక పెరిగింది, కొత్త డ్యూటీ పడింది. బిడ్డని నిలబెట్టే డ్యూటీ. ఎలుకల వంశంలో ఆ రెండో కాపీ పుట్టనే లేదు."

"మరి ఇంజక్షన్‌లో ఏముంది?"

"ఆ హార్మోన్‌ని పట్టేసుకుని వదలని ప్రోటీన్. ఎలుకకి పొడిస్తే, పట్టుకోడానికి అక్కడేం ఉండదు. అది హాయిగా పిల్లల్ని కంటుంది, రిపోర్ట్ క్లీన్. మొదటి వారాల్లో ఉన్న ఆడమనిషికి పొడిస్తే కబురు తెగిపోతుంది. కడుపు పోతుంది. తొలి నెలల్లో ఇలా మామూలేలే అంటారు, ఎవరూ అనుమానించరు. ఈ నలభై మంది మీద పనిచేస్తే దీన్ని ఆయుధంగా అమ్ముతారు. కొనేవాళ్ళు రెడీగా ఉన్నారు."

"ఏ క్లినిక్?"

"స్టేషన్ వెనకాల, పచ్చ గేటు మెటర్నిటీ క్లినిక్. మధ్యాహ్నం రెండింటికి. బోలెడు టైముంది, కాఫీ తాగండి."

పచ్చ గేటు అనగానే ఫిల్టర్ ఫోన్ తీశాడు. చెల్లెలు చూపించుకునేది అక్కడే. తొమ్మిదేళ్ళు మందులు మింగి, సూదులు పొడిపించుకుని, ఇప్పుడు ఆరు వారాలు. చెల్లెలికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఆమె భర్తకి చేశాడు.

"బావా, చెల్లి ఎక్కడ?"

"క్లినిక్‌లో దింపొచ్చాను బావా. ఒకటే వాంతులు. కొత్త ఇంజక్షనట, పదకొండింటికి మొదలట. లోపల ఫోన్లు ఒప్పుకోరు, మగాళ్ళని అసలే రానివ్వరు. ఏం, మా ఫిల్టర్ మళ్ళీ మారుస్తావా?"

గోడ గడియారంలో పదీ ముప్పై ఎనిమిది. తల తిప్పేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ. సెంటు వాసన మిగిలింది. మేడమ్ అన్నీ నిజాలే చెప్పింది, టైమ్ ఒక్కటే అబద్ధం. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి రెండు వైపులా న్యాయం చేసింది.

ట్యాక్సీ రెండో సిగ్నల్ దగ్గరే ఇరుక్కుంది. ఫిల్టర్ దిగి పరిగెత్తాడు. పరిగెడుతూనే బ్యాగులోంచి మెకానిక్ చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఒక గుండీ తెగింది. నలభై మంది సంగతి ఏజెంటుకి గుర్తుంది. అన్నకి మాత్రం ఒక్క మొహమే కనిపిస్తోంది.

గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మగాళ్ళు లోపలికి పోకూడదు."

"ఏసీ మెకానిక్‌ని."

"ఏసీ శుభ్రంగా పనిచేస్తోందిగా?"

ఫిల్టర్ వాచీ పక్కనున్న బటన్ నొక్కాడు. లోపల ఏసీ గుర్రుమని ఆగిపోయింది. "ఇప్పుడో?"

హాల్లో పదీ యాభై ఏడు. ఒళ్ళో ప్లాస్టిక్ బేసిన్లు పెట్టుకుని నలభై మంది ఆడవాళ్ళు. వాంతులు ఎక్కువని చెల్లెల్ని మొదటి కుర్చీలోనే కూర్చోబెట్టారు. జాకెట్టు చెయ్యి పైకి మడిచి ఉంది. కొత్తగా చేరిన డాక్టర్ సిరంజిలోకి మందు లాగుతున్నాడు.

"చెల్లీ! వేయించుకోకు!"

ఆమె తిరిగి చూసింది. "అన్నయ్యా? ఇదేం వేషం? ఫిల్టర్లు మానేసి ఏసీల్లో పడ్డావా?"

"నేను సేల్స్‌మన్‌ని కాదే. సీక్రెట్ ఏజెంట్‌ని. అది మందు కాదు, విషం!"

హాలంతా గొల్లున నవ్వింది.

"మా అన్నయ్య మంచోడేనండీ," అంది చెల్లెలు పక్కావిడతో. "నోరు తెరిస్తే అబద్ధం, అదొక్కటే జబ్బు."

పన్నెండేళ్ళుగా ఒక్క చిల్లు లేకుండా అల్లుకున్న అబద్ధం అది. ఇప్పుడు దాన్ని చింపడం అతని వల్లే కావడం లేదు. జేబులోంచి మత్తు సూది పేల్చే పెన్ను తీసి డాక్టర్ వైపు నొక్కాడు. బొటబొటా ఇంకు కారింది. హడావుడిలో వేరే పెన్ను తెచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?" అంటూ హెడ్ నర్సు వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషి. ఫిల్టర్ రెండు చేతులూ జోడించాడు. ఎలుక, హార్మోన్, తెగిపోయే కబురు, అన్నీ ఊపిరాడకుండా చెప్పేశాడు.

"రుజువేదీ?" అందామె.

అతని కళ్ళు బల్ల మీద పడ్డాయి. పొద్దున్నే తీసుకున్న యూరిన్ శాంపిళ్ళు, పేర్లు రాసి ఉన్నాయి. పక్కనే స్ట్రిప్పులు.

"అమ్మా, ఈ స్ట్రిప్ దేన్ని పట్టిస్తుంది?"

"హెచ్‌సీజీని. ఆ మాత్రం తెలీదా?"

"అయితే చెల్లి శాంపిల్లో ఆ మందు కలిపి చూడండి! మందు హార్మోన్‌ని పట్టేసుకుంటే స్ట్రిప్‌కి ఏమీ దొరకదు. రెండో గీత రాదు!"

"నీళ్ళు కలిపినా గీత పోతుంది," డాక్టర్ నవ్వాడు.

"అయితే ఇంకో కప్పులో అన్నే నీళ్ళు కలుపుతాను. రెండూ పక్కపక్కన చూద్దాం," అంది నర్సు.

"అంతసేపు ఆగితే మందు పాడవుతుంది." డాక్టర్ చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. "మీరు చెప్పండమ్మా, మీకు వాంతులు తగ్గాలా వద్దా?"

ఆమె అన్న మొహం చూసింది. నాన్న పోయినప్పుడు కూడా తడవని కళ్ళు ఇప్పుడు కారిపోతున్నాయి.

"తొమ్మిదేళ్ళు ఆగాను డాక్టర్‌గారూ," అంది మెల్లగా. "మూడు నిమిషాలు ఆగలేనా?"

నర్సు ఒక కప్పులో మందు, ఇంకో కప్పులో అన్నే నీళ్ళు కలిపి స్ట్రిప్పులు ముంచింది. ఏసీ లేని హాల్లో చెమటలు కారుతున్నాయి. ఒక నిమిషం. రెండు. నీళ్ళు కలిపిన కప్పులో స్ట్రిప్ మీద రెండో గీత మెల్లగా ఎర్రబడింది. మందు కలిపిన దాని మీద ఒకటే గీత. రెండో చోట తెల్లగా, ఖాళీగా ఉంది.

నర్సు నోరు తెరిచేలోపే డాక్టర్ సిరంజి ఎత్తాడు. ఒక్కరి మీద పనిచేసినా చాలు వాడికి. సూది మొన చెల్లెలి చర్మాన్ని తాకింది. ఫిల్టర్ దూకాడు, అందలేదు. అందింది నర్సు. పెనుగులాడే చేతుల్ని పట్టుకోవడం ముప్పై ఏళ్ళుగా ఆమెకి అలవాటు. మణికట్టు ఒక్క మెలి తిప్పింది. సిరంజి నేల మీద పడి పగిలింది. డాక్టర్ గుమ్మం వైపు పరిగెత్తాడు గానీ, మధ్యలో నలభై బేసిన్లు లేచి నిలబడ్డాయి.

ఫిల్టర్ స్ట్రిప్పుల ఫొటో పంపిన పావుగంటకి చీఫ్ ఫోన్. "శభాష్. స్టాకంతా సీల్ చేశాం. మేడమ్ ఎయిర్‌పోర్టులో దొరికింది. ముఠా పేర్లన్నీ చెబుతానంటోంది, బదులుగా వదిలేయమంటోంది."

ఫిల్టర్ చెల్లెలి పక్కన కూలబడ్డాడు.

"నిజంగా ఏజెంట్‌వా?" అంది ఆమె.

"నిజంగా."

"మరి నా పెళ్ళికి ఎందుకు రాలేదు?"

"ఆ రోజు ఒక ఓడ పేలకుండా ఆపుతున్నానే."

ఆమె ఏదో అనబోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే అన్న చొక్కా నిండా వాంతి చేసేసింది.

నర్సు వచ్చి చూసి, ఇవాళ మొదటిసారి నవ్వింది. "వాంతులు తెప్పించేది ఆ హార్మోనే, జోరు మీదే ఉంది. కంగారేం లేదు."

సర్వీసులో అతనికి మూడు మెడల్స్ వచ్చాయి. ఏ ఒక్కటీ చొక్కా మీద ఇంత వెచ్చగా అంటుకోలేదు.