విప్పని నడుం బెల్టు

మా దిల్‌మురోద్ తందూరులోకి తల దూర్చి రొట్టె అంటిస్తూ "అబ్బా" అన్నాడు. అంతే. వాడు మంచం పట్టేసినట్టూ, తందూరు ఆరిపోయినట్టూ, వాడికి పిల్లనివ్వడానికి మర్గిలాన్‌లో ఒక్క గడపా తెరుచుకోనట్టూ కన్నతల్లినైన నా కళ్ళకు కట్టేసింది. వాడింకా నడుం ఎత్తనేలేదు.

గొర్రె తోక కొవ్వు రాశాను. ఒంటె ఉన్ని పట్టీ చుట్టాను. ఇసిరిక్ ఆకు కాల్చి దిష్టి పొగ వేశాను. వాడు దగ్గాడు గానీ నొప్పి తగ్గలేదు. డాక్టరు చూసి, "ఎముకకేం కాలేదు, కండరం పట్టింది. పని చేసేటప్పుడు నడుం బెల్టు పెట్టుకో" అన్నాడు. ఏం కాలేదని అంత నవ్వుతూ చెప్పాడంటే ఏదో దాస్తున్నాడన్నమాటే.

బెల్టు కొనడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. రొట్టెలు కాల్చే కుర్రాడికి నడుం బాగాలేదని ఊళ్ళో పొక్కితే ఇంకేమైనా ఉందా?

షాపులో మెళ్ళో కొలత టేపు వేసుకుని ఒక అమ్మాయి ఉంది. చక్కని పిల్లే గానీ ప్రశ్నలెక్కువ.

"ఎవరికి పిన్నిగారూ?"

"నాకే."

"నొప్పి ఎక్కడ?"

"అంతటా."

"వంగి చేసే పనులుంటాయా?"

వంగడం అంటే తందూరు గుర్తుకొస్తుందేమోనని భయమేసింది. "అసలు వంగను."

నా నడుం కొలిచింది. మెత్తటి సాగే బెల్టు తీసి, "మీకిది చాలు" అంది.

"ఇంకా గట్టిది లేదా? అదిగో, ఆ పైన ఉన్నది?"

"అది వెన్నెముక విరిగినవాళ్ళకి!"

"విరక్కముందే పెట్టుకుంటే మంచిది కదమ్మా."

ఆ అమ్మాయి నుదురు కొట్టుకుంది. "ఎంత గట్టిదైతే అంత మంచిదని కాదు పిన్నిగారూ. ఎవరి నొప్పికి తగినది వాళ్ళకి." నేను కదల్లేదు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. చివరికి విసిగిపోయి, వెనక ఇనప పట్టీలున్న బెల్టొకటి చేతిలో పెట్టింది.

నా కొలతకి ఇచ్చింది కదా, మావాడికి ఒకటిన్నర చుట్లు వచ్చింది. మర్నాడు పొద్దున్న దాన్ని కట్టుకుని తందూరు ముందుకెళ్ళాడు. వంగబోతే చెక్క వంగినట్టే. ఎలాగో లోపలికి దూరాడు. ఇనుము కాలింది. కెవ్వుమని బయటికి దూకాడు, చేతిలో రొట్టె నిప్పుల్లో పడింది. రొట్టెల కోసం వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు, "ఏం దిల్‌మురోద్, డాన్సు కూడా మొదలెట్టావా?" అని నవ్వారు.

వాడు బెల్టు ఒక చేత్తో, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని షాపుకి బయల్దేరాడు.

"ఈ బెల్టు అమ్మింది మీరేనా? ఇది మనుషులకి కట్టడానికా, కాల్చడానికా?"

"మీరెందుకు కట్టుకున్నారు? అది మీ అమ్మగారిది!"

"మా అమ్మకి నడుం నొప్పా?"

"అంతటా నొప్పేనన్నారు. అసలు వంగనే వంగరట."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను గోడ మీది కేలండరు చూస్తూ నిలబడ్డాను.

అసలు సంగతి బయటపడ్డాక ఆ అమ్మాయి నవ్వాపుకుంది. ఆ ఆపుకోవడం మావాడు చూశాడు. ఎర్రటి ముఖంతో పోట్లాడ్డానికి వచ్చినవాడు కాస్తా చల్లబడ్డాడు.

"మీరెలా వంగుతారో చూడకుండా ఏ బెల్టో చెప్పలేను" అందా అమ్మాయి.

"ఇప్పుడు వంగనా?"

"ఇక్కడ తందూరేదీ? రేపు నేనే వస్తాను."

వచ్చింది. పేరు నఫోసత్. వాళ్ళది ఉర్గెంచ్, మా ఊళ్ళో ఉద్యోగానికి కొత్త. మావాడు వంగడం, లేవడం, పక్కకి తిరగడం అన్నీ చూసింది. "ఇనుము వద్దు, వేడెక్కుతుంది. మందంగా ఉన్నదీ వద్దు, చెమటకి ఒరుసుకుంటుంది" అంటూ గాలాడే నూలు బెల్టు తీసింది. వెనక ఇనుముకి బదులు వంగే మెత్తటి ఊచలు, ముందు వెల్క్రో. బనీను మీద చుట్టి, ఇంకాస్త కిందికి లాగి, చర్రున అంటించింది.

"మరీ బిగించకూడదు. రెండు వేళ్ళు దూరాలి" అని తన వేళ్ళు దూర్చి చూసింది.

మావాడు ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి తీసుకోండి, లేకపోతే కొలత తప్పుతుంది."

"రావట్లేదండీ."

"బెల్టు బిగువా?"

"బెల్టు బాగానే ఉంది."

అప్పుడు గమనించాను. వరసలో అందరూ మెడలు చాచి చూస్తున్నారు. మా పక్కింటి రోహత్ వదిన చేతిసంచీ కింద పడింది. నా భుజం పట్టుకుని కుదిపింది.

"ముకర్రమ్! కట్టేసిందే! అందరి ముందూ కట్టేసింది!"

మా వైపు పెళ్ళికి ఒప్పుకున్న పిల్ల, తను కుట్టిన నడికట్టు పిల్లాడికి పంపుతుంది. పంపడానికే మొహమాటపడి చస్తారు. ఈ పిల్ల వీధిలో నిలబడి స్వయంగా కట్టింది! రోహత్ వదిన సంచీలోంచి చాక్లెట్లు తీసి ఇద్దరి మీదా చల్లింది.

"ఏంటండీ ఇది, పండగా?" అంది నఫోసత్.

వదిన ఆ పిల్ల చెవిలో ఏదో ఊదింది. నఫోసత్ ముఖం కందిపోయింది. తన సంచీ చంకన పెట్టుకుని, "పనప్పుడు మాత్రమే పెట్టుకోవాలి! తర్వాత విప్పెయ్యాలి!" అని అరుస్తూ, అప్పుడే మొదలైన చినుకుల్లో పరుగెత్తింది.

మావాడు విప్పితేనా! తింటూ అదే, పడుకుంటూ అదే. ఉతకడానికి కూడా ఇవ్వడు. ఇక షాపుకి తిరగడం మొదలెట్టాడు. ఒకరోజు పట్టీ వదులైందంటాడు, ఒకరోజు తలకిందులుగా కట్టుకుని వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు.

"ఏమందిరా?" అని నిలదీశాను.

"విప్పెయ్యమంది. అస్తమానం కట్టుకుంటే కండరాలు బద్ధకించి, తర్వాత బెల్టు లేకుండా నిలబడలేనట."

నిలబడలేడు! నాకు ఆ ఒక్క మాటే వినిపించింది. వాడు కునుకు తీస్తుంటే విప్పబోయాను. నా చెయ్యి పట్టుకుని, "చంపినా విప్పను" అన్నాడు. వానని కూడా చూడకుండా వాణ్ణి లాక్కుని షాపుకి పరుగెత్తాను.

"అమ్మాయ్! వీడికి నువ్వే చెప్పు. నడుం చచ్చుబడేదాకా విప్పడట!"

నఫోసత్ వాడివైపు చూడకుండానే అడిగింది. "నొప్పి ఉందా?"

"తగ్గి చాలా రోజులైంది."

"మరి బెల్టుతో పనేంటి?"

మావాడి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "మా ఊళ్ళో ఆడపిల్ల కట్టిన నడికట్టు విప్పేస్తే, ఆ పిల్ల నాకొద్దని చెప్పినట్టు. మీకిది తెలియదు, మీ తప్పేం లేదు. కానీ నాకు తెలుసు కదా. నేను విప్పలేను."

అయిపోయింది. ఈ పిల్ల కాదంటే వీడు ఇలాగే కట్టుకుని, నడుం పోగొట్టుకుని...

"నాకూ తెలుసు" అంది నఫోసత్ మెల్లగా. "మీ పక్కింటావిడ ఆ రోజే చెవిలో చెప్పారు."

"తెలిసీ విప్పమన్నారా?"

"అది నా ఉద్యోగమండీ. మీ నడుం పాడైపోతుంటే చూస్తూ ఊరుకోనా? విప్పమని చెప్పేదాన్ని. మర్నాడు విప్పకుండా వస్తే తిట్టేదాన్ని. తిట్టి వెనక గదిలోకెళ్ళి నవ్వుకునేదాన్ని."

సొరుగులోంచి ఎర్ర పట్టుగుడ్డ తీసింది. అంచు మీద దానిమ్మ పూలు. సగం వరకే కుట్టింది, సూది ఇంకా దానికే వేలాడుతోంది.

"మీకు సరిపోయేది ఇది. ఊచలు లేవు, పట్టీలు లేవు. కొలత మాత్రం తప్పలేదు."

మావాడు చర్రున బెల్టు విప్పేశాడు.

"పట్టుకోండి, పడతాడు!" అని అరిచాను. పడలేదు. నిటారుగా నిలబడ్డాడు, ముఖంలో నవ్వు పట్టకుండా. ఆ పిల్ల సూది తీసి పక్కన పెట్టి, సగం పూల గుడ్డ వాడి నడుముకి చుట్టి ముడి వేసింది. ఈసారి రెండు వేళ్ళు దూర్చి చూడలేదు.

నాకు వెంటనే ఇంకో భయం పట్టుకుంది. "మీ నాన్నగారికి వీడి నడుం సంగతి తెలిస్తే ఒప్పుకుంటారా?"

"ఆయనకి ముందు చెప్పింది నడుం సంగతే. ముఖం ఎలా ఉంటుందో చెప్పడమే మరిచిపోయాను. పిల్లాణ్ణి తీసుకుని రమ్మన్నారు."

"ఉర్గెంచ్‌కా? అంత దూరం రైల్లో, ఆ గట్టి బల్లల మీదా? దానికి ఏ బెల్టు మంచిదే తల్లీ?"

"ఏదీ వద్దు. మధ్యమధ్యలో లేపి నడిపించండి, చాలు అత్తయ్యా."

అత్తయ్యా అంది. నేను ఎదురుగా ఉన్న బల్ల మీద కూలబడ్డాను.

"నడుమా?" అంటూ ఇద్దరూ ఒక్కసారే పరుగెత్తుకొచ్చారు.