అడగని గోత్రం

పొద్దున బీపీ మాత్ర, రాత్రి షుగరు మాత్ర వేసుకునే మనిషి ప్రేమ కథ చెబుతానంటే నవ్వొస్తుంది. నవ్వండి. మా అమ్మాయి ప్రవల్లిక కూడా నవ్వింది. నేనైతే షేవింగ్ అద్దం ముందు రోజూ నవ్వుకుంటున్నాను.

నా పేరు రఘునందన్. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. జీవితమంతా "తగు చర్య నిమిత్తం" అని రాసి రాసి, సూటిగా ఒక మాట చెప్పే అలవాటు తప్పిపోయింది. నా భార్య ఉమ పోయాక ఆ మిగిలిన మాటలు కూడా టీవీతోనే.

అలాంటివాణ్ణి ఢిల్లీ ద్వారకలో మా అపార్టుమెంటు ఎదురు పార్కులో ఒకావిడ ఆపేసింది.

"ఏందండీ, అందరు ఇటు తిరుగుతుంటే మీరు అటు తిరుగుతున్రు? రోజు నా మీదికే వస్తున్రు!"

"డాక్టరు నడవమన్నాడండీ. ఎటు నడవాలో చెప్పలేదు."

"డాక్టరు చెప్పాల్నా? గుడిల ప్రదక్షిణ ఎటు చేస్తరో తెలువదా?"

ఆవిడే మైథిలి గారు. సొంతూరు వరంగల్. ఢిల్లీ స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరలే" అంటారు. మర్నాటి నుంచి నేనూ ఆవిడ తిరిగే వైపే తిరగడం మొదలుపెట్టాను. ఆవిడ పక్కనే. నా షుగరు తగ్గిందని డాక్టరు తన గొప్పతనం అనుకున్నాడు.

అంతా బాగుందనుకుంటుండగా ఒకరోజు ఆవిడ అన్నారు, "వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తున్న. హనుమకొండల మా చెల్లె రమ్మంటున్నది. ఈడ నాకెవరున్నరు?"

నేనున్నాను అనాలి. ఆ ఒక్క మాట చాలు. నేనేమన్నానో తెలుసా? "అక్కడ నీళ్ళు బావుంటాయండీ" అన్నాను.

ఈ సంగతి వీడియో కాల్లో చెబితే నోయిడాలో ఉన్న ప్రవల్లిక తల పట్టుకుంది. "నీళ్ళా నాన్నా? సీరియస్లీ? ఆదివారం ట్రిప్పులో నువ్వు చెప్తావా, నేనొచ్చి చెప్పనా?"

ట్రిప్పంటే మా తెలుగు సీనియర్ సిటిజన్ల సంఘం వాళ్ళ ఒకరోజు యాత్ర. మైథిలి గారూ వస్తున్నారు. పొద్దున మా పక్క సెక్టారులో వేంకటేశ్వరుడి గుడి, మధ్యాహ్నం బంగ్లా సాహిబ్ గురుద్వారా, సాయంత్రం కన్నాట్ ప్లేస్ హనుమాన్ మందిరం. సంఘం ప్రెసిడెంటు హనుమాయమ్మ గారి మెళ్ళో ఎప్పుడూ ఒక విజిల్ ఉంటుంది. ఎవరూ తప్పిపోకుండా ఆవిడ మమ్మల్ని జోడీలుగా విడగొట్టారు. నా జోడీ సదాశివరావు. కిటికీ సీటు నాదే అయినా ఆయనే కూర్చుని, బస్సు కదలకముందే నా భుజం మీద నిద్రపోయాడు.

గుడిలో అర్చనకి క్యూ పెద్దదైంది. హనుమాయమ్మ గారు విజిల్ ఊది, "ఇద్దరిద్దరు నిలబడండి, తొందరగా అవుతుంది!" అన్నారు. సదాశివరావు ఇంకా బస్సులో గురక పెడుతున్నాడు. తోసుకుని తోసుకుని నా పక్కకి వచ్చి నిలబడ్డారు మైథిలి గారు.

ఉమ పోయినప్పటి నుంచి నేను అర్చన చేయించడం మానేశాను. పూజారి గోత్రం అడుగుతాడు, పేరు అడుగుతాడు, ఆ తర్వాత మూడో ప్రశ్న ఒకటి అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

"గోత్రం?" అన్నాడు పూజారి.

"కౌశిక."

"పేరు?"

"రఘునందన్."

"అమ్మగారి పేరు?"

పక్కన మల్లెపూల వాసన వచ్చింది. వెనకనించి జనం తోస్తున్నారు. "మైథిలి" అన్నాను.

ఆ గుడిలో పూజారికి మైకు ఉంటుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. "కౌశిక గోత్రోద్భవస్య, రఘునందన నామధేయస్య, ధర్మపత్నీ సమేతస్య, మైథిలీ నామధేయవత్యాః..." అని ఆయన గొంతు మండపమంతా మోగింది. చెప్పుల స్టాండు దగ్గరున్న వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఎవరో ఒకావిడ "అయ్యో, మనకి చెప్పనేలేదే!" అంది. హనుమాయమ్మ గారి నోట్లోంచి విజిల్ జారిపోయింది.

మైథిలి గారు తీర్థం తీసుకున్నారు, శఠగోపం పెట్టించుకున్నారు, నా వైపు చూడకుండా వెళ్ళి బస్సెక్కారు.

సదాశివరావు మాత్రం పూర్తిగా మేలుకున్నాడు. "శుభలేఖలు వేయించకుండా డైరెక్టుగా దేవుడికే చెప్పేశారేంటండీ?" అని బంగ్లా సాహిబ్ దాకా అదే పాట. నేను కిటికీలోంచి చూద్దామన్నా కిటికీ ఆయన దగ్గరే ఉంది. ప్రేమ సంగతి సరే, రేపటి నుంచి ఆవిడతో నడక కూడా పోయినట్టే అనిపించింది. గుండెల్లో నిజంగా నొప్పిగా ఉంది. గ్యాసేమో అని కూడా అనుమానం వచ్చింది, వయసు అలాంటిది.

గురుద్వారాలో తల కప్పుకోవాలి. నా జేబురుమాలు చిన్నదై జారిపోతుంటే, అక్కడ పెట్టిన కాషాయ రుమాలు ఒకటి తీసి కట్టుకున్నాను. గాజు తలుపులో నా మొహం చూసుకుంటే ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు ఉంది. ఈ అవతారంతో నేను ప్రేమ విషయం మాట్లాడాలి.

లంగరులో, అంటే గురుద్వారా భోజనశాలలో, వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరసలో కింద కూర్చోవాలి, చోటు ఎంచుకోవడం కుదరదు. నేను కూర్చున్నాక నా పక్కన ఖాళీలో కూర్చోవలసిన మనిషి ఎవరా అని తలెత్తితే, మైథిలి గారు. ఆవిడా చుట్టూ చూశారు. వేరే చోటు లేదు.

రొట్టెల బుట్టతో వచ్చిన సర్దారు ముందు నేను ఒక చెయ్యి చాపాను. "బాబాజీ, దోనో హాథ్" అన్నాడాయన మర్యాదగా. రెండు చేతులూ పట్టాను. ప్రేమ చెప్పడానికి వచ్చినవాణ్ణి తాతగారూ అన్నట్టు బాబాజీ అంటే ఎలా ఉంటుందో అనుభవించాను. పక్కన మైథిలి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో కోపమో తెలియలేదు.

"క్షమించండి. పొద్దున నోరు జారింది" అన్నాను పప్పులోకి చూస్తూ.

"జారిందా? అంటే మనసుల లేకుండనే జారిందా?"

"మనసులో ఉన్నదే. పెండింగులో ఉంది."

"ఎప్పటిసంది?"

"పార్కులో మీరు తిట్టిన రోజు నుంచి." ఇక దాచడం నా వల్ల కాలేదు. "ఉమ పోయాక ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదండీ. అందుకే గుళ్ళో అర్చనలే మానేశాను. ఇవాళ అడిగితే మీ పేరే వచ్చింది. అబద్ధం చెప్పినట్టు నాకు అనిపించలేదు."

ఆవిడ రొట్టె తుంచడం ఆపేశారు.

"నా కోపం దానికి గాదు."

"మరి?"

"నాకు గోత్రం లేదా? మాది భారద్వాజ. పెండ్లి చేసుకోకుండ ఇన్నేండ్లు మా నాయన గోత్రం కాపాడుకుంట వచ్చిన. మీరొచ్చి, ఒక్క మాట అడగకుండ, మైకుల నన్ను కౌశికల కలిపేసిన్రు! ఇదేమన్న ఆఫీసు ట్రాన్స్‌ఫరా?"

నిజమే కదా. నా మనసులో ఏముందో దేవుడికి చెప్పాను, మైకుకి చెప్పాను, అడగాల్సిన మనిషిని మాత్రం అడగలేదు.

తిన్నాక లేవబోతే మోకాలు మొరాయించింది. అటు వంగాను, ఇటు వంగాను. వరసంతా ఖాళీ అయింది, నేనొక్కణ్ణే చాప మీద మిగిలాను. ఒక చెయ్యి నా ముందుకి వచ్చింది. "పట్టుకోన్రి. అందరు చూస్తరని సిగ్గా? పొద్దున లేకపాయె గద సిగ్గు." పట్టుకుని లేచాను. దూరం నుంచి సదాశివరావు చప్పట్లు కొట్టాడు.

బయట వాన దంచేస్తోంది. చెప్పులిచ్చే చోట చూరు కింద ఇద్దరం నిలబడ్డాం. చినుకులు ఆవిడ కళ్ళజోడు మీద పడుతున్నాయి.

"మైథిలి గారూ, మీరు హనుమకొండ వెళ్ళకండి. నాకు మీరు కావాలి. నాతో ఉంటారా?" అన్నాను. తగు చర్య లేదు, నిమిత్తం లేదు. నా జీవితంలో అంత చిన్న నోటు నేనెప్పుడూ రాయలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"నాకు ముందుగాల నా చెప్పులు కావాలె" అన్నారు.

హనుమాన్ మందిరానికి బయల్దేరే బస్సు ఆవిడ నాకన్నా ముందే ఎక్కేశారు. బస్సులో సదాశివరావు ఏదో అంటున్నాడు గానీ నాకు వినబడలేదు. వెళ్ళిపోతారనే అనుకున్నాను. పార్కులో మళ్ళీ ఒక్కణ్ణే తిరుగుతుంటానని, ఈసారి ఎటు తిరిగినా అడిగేవాళ్ళుండరని అనుకున్నాను.

మందిరంలో పూజారి పళ్ళెం పట్టుకుని, "నామ్?" అన్నాడు. నేను వెనక్కి తగ్గాను. మైథిలి గారు ముందుకొచ్చి నా పక్కన నిలబడ్డారు.

"మైథిలి" అన్నారు. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "రఘునందన్."

"గోత్ర్?"

నేను అలవాటుగా నోరు తెరిచాను. ఆవిడ క్లాసులో పిల్లాణ్ణి ఆపినట్టు వేలు చూపించి ఆపేశారు.

"భారద్వాజ్. దోనోం కా."

"ఇద్దరిదీనా? మైథిలి గారూ, మాది కౌశిక అండీ..." అని గొణిగాను.

"పొద్దున నేను మీ గోత్రంల నిలబడ్డ. ఇప్పుడు మీరు నా గోత్రంల నిలబడున్రి. లెక్క సరిపోతది."

పూజారి మంత్రం చదివాడు. మా తాతలందరూ పైనుంచి చూస్తుండగా నేను భారద్వాజుణ్ణయి, చేతులు జోడించి నిలబడ్డాను. కళ్ళు తడిసిపోయాయి.

"మరి హనుమకొండ?" అన్నాను మెల్లిగా.

"చెల్లెనే ఈడికి రమ్మంట."

"ఎందుకు?"

"పెండ్లి పిల్లగాన్ని చూడనీకి" అని నెత్తిన కొంగు సర్దుకున్నారు.

బయటికొచ్చేసరికి హనుమాయమ్మ గారు బస్సు మెట్టు మీద నిలబడి విజిల్ ఊదుతున్నారు. "ఎవరి జోడీ పక్కన వాళ్ళు నిలబడండి, లెక్కపెట్టాలి!" సదాశివరావు ఆవులిస్తూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"రావు గారూ, మీరు వేరే జోడీ చూసుకోండి. నాకు ట్రాన్స్‌ఫరైపోయింది" అన్నాను.