ఆకాశం చూసే గుంత

బుధవారం... మిట్టమధ్యాహ్నం పన్నెండు దాటి ఐదు నిమిషాలు!

రాహుకాలం మొదలైంది. నడినెత్తిన సూర్యుడు నిప్పులు కురిపిస్తున్నాడు. రామకుప్పం దాటాక అడవి అంచున ఉన్న ఆ చిన్న పల్లెలో మనుషుల నీడలు కూడా భయపడినట్టు పాదాల కిందికి ముడుచుకుపోయాయి. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఆ భయంకర నిశ్శబ్దంలో, గంగాధరం ఇంటి పెరట్లోని చింతచెట్టు మీద ఒక గుడ్లగూబ కూసింది...

పట్టపగలు గుడ్లగూబ!

ఎవరూ పట్టించుకోలేదు. అందరి చూపూ దీపిక మీదే ఉంది. గంగాధరం పెద్ద కూతురు దీపికకు ఆ రోజు శ్రీమంతం. పుంగనూరులో మెట్టినింటికి వెళ్ళాక రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి. ఏడో నెల వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఈ బిడ్డ కూడా దక్కకపోతే దీపిక బతకదని తల్లి రెడ్డెమ్మకు తెలుసు. చెల్లెలు భవ్యకు ఇంకా బాగా తెలుసు. అక్క పక్కలో పడుకుని, రాత్రుళ్ళు అక్క కడుపు మీద చెయ్యేసి, లోపల కదలిక తెలిసేదాకా నిద్రపోని పిల్ల అది.

పొద్దున మంచి ముహూర్తంలోనే గాజులు తొడిగారు. అక్షతలు వేశారు. భోజనాలకు ఆకులు వేయాల్సిన వేళ అయింది. కానీ మదనపల్లె నుంచి వచ్చిన కెమెరామన్ మునిచంద్ర మాత్రం వదలడం లేదు.

"ఒక్క షాట్ అక్కా... లాస్టు!"

"ఏమప్పా, పొద్దున్నుంచి ఇది నాలుగో లాస్టు" అంది అవ్వ మునిరత్నమ్మ. "ఆకలికి నా మనవరాలి కడుపులో బిడ్డే బయటికొచ్చి నీ కెమెరా నమిలేస్తాడు సూడు!"

ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. మునిచంద్ర కూడా నవ్వాడు. అతని పెదవులు నవ్వాయి కానీ కళ్ళు నవ్వలేదు... అది భవ్య ఒక్కతే చూసింది. చూసినా చెప్పలేదు. బడిలో హాజరు పలికినా టీచరుకు వినిపించనంత సన్నటి గొంతు ఆమెది.

"కెమెరా కింద పెట్టి పైకి తిప్పుతా అవ్వా. ఏడుగురు ఆడోళ్ళు చుట్టూ నిలబడి వంగి సూడాల. కిందినుంచి మీ మొగాలు పూరేకుల మాదిర వస్తాయి. నడాన ఆకాశం! మదనపల్లెలో అందురూ ఇదే అడగతాండారు."

"దానికి గుంత యాల తవ్వినావన్నా?" అని అడిగింది షాహిదా. పక్క వీధిలో బట్టలు కుట్టే షాహిదాదే దీపిక రవిక మీది పనంతా.

"లోతుంటేనే ఏడు మొగాలూ ఫ్రేములో పడేది చెల్లీ."

"నేను లావుగా ఉండా. నా మొగం సగమే పట్టేట్టుండాది" అంది షాహిదా. మళ్ళీ నవ్వులు.

ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు. అరగంట ముందు మునిచంద్ర ఫోనుకు ఎవరో కబురు చేశారట... ఏనుగులు రాగి చేలల్లో పడ్డాయని! అంతే, దీపిక మొగుడితో సహా ఊళ్ళోని మగవాళ్ళంతా డప్పులు, టపాకాయలు తీసుకుని అడవి వైపు పరుగెత్తారు. పెరటి తలుపుకు లోపలి నుంచి గడియ పడింది. "మగోళ్ళు ఫ్రేములోకి రాకూడదు కదక్కా" అన్నాడు మునిచంద్ర.

మోకాలి లోతు గుంత. అందులో పైకి చూస్తూ ఒక కెమెరా... దాని కింద, పలుచని మట్టి పొర కింద ఏముందో వాళ్ళకు తెలియదు! మునిచంద్ర మదనపల్లెలో తన స్టూడియో చీకటి గదిలో మూడు అమావాస్యలు నెత్తుటితో తడిపి తెచ్చిన కపాలం అది! దానికి ఇక కావలసింది ఒక్కటే... లోకాన్ని ఇంకా చూడని ఒక ప్రాణం. ఆ ప్రాణం అందితే కపాలం నోరు తెరుస్తుంది. తెరిచిననాడు అది మునిచంద్రకు బానిస. అతను చావమన్నవాళ్ళు చస్తారు, బతకమన్నవాళ్ళు బతుకుతారు!

దీపికను దక్షిణం దిక్కున నిలబెట్టాడు. ఆమె కుడిపక్కన భవ్య, ఎడమపక్కన రెడ్డెమ్మ, ఎదురుగా అవ్వ, షాహిదా, పుంగనూరు నుంచి వచ్చిన అత్త, ఆమె తోడికోడలు.

"కుడిచేయి పక్కనుండే వాళ్ళ బుజం మీద యెయ్యండి. ఎడంచేతిలో పూలు. వంగండి... ఇంగా... కెమెరా కన్నులోకే సూడాల. నేను చెప్పినప్పుడు మూడు పిడికిళ్ళు, ఒగటెనకాల ఒగటి గుంతలోకి!"

అయ్యో! ఆ ఏడుగురిలో ఒక్కరూ జీవితంలో ఎప్పుడూ శ్మశానంలో అడుగు పెట్టినవాళ్ళు కారు. ఆ పల్లెల్లో ఆడవాళ్ళు శవం వెనక ఏడుస్తూ ఊరి పొలిమేర దాకా వెళ్ళి ఆగిపోతారు. అక్కడి నుంచి పనంతా మగవాళ్ళది. షాహిదా వాళ్ళ ఇళ్ళల్లోనూ అంతే. గుంత చుట్టూ నిలబడడం, వంగి కడసారి చూపు చూడడం, ఎడంచేత్తో మూడు పిడికిళ్ళ మన్ను వేయడం... మగవాడెవడు చూసినా గుండె ఆగిపోయే దృశ్యం అది! వాళ్ళకు మాత్రం అదొక షాట్!

ఒకటి... బంతిపూలు గుంతలో రాలాయి.

రెండు... గుడ్లగూబ రెక్కలు టపటపా కొట్టుకుంది.

మూడు!

ఎక్కడో ఆకాశం లోతుల్లో ఉరుము గర్జించింది. మబ్బు తునక కూడా లేని ఆకాశంలో ఉరుము!

"సరే, అయిపాయ కదా" అంటూ అవ్వ తల ఎత్తబోయింది. తల లేవలేదు. మెడ మీద ఎవరో అరచేయి మోపి నొక్కిపట్టినట్టుంది. "ఇదేందే... నా నడుము పట్టుకున్నిందే!"

"అమ్మా, నా చెయ్యి రాలేదే!" అంది దీపిక.

ఎవరి చేతులూ రాలేదు. భుజాల మీది చేతులు భుజాలకు అతుక్కుపోయాయి. పాదాలు మట్టిలో పాతినట్టు బిగుసుకుపోయాయి. ఏడుగురూ ఒక గొలుసు! ఏడు తలలూ కిందికే! కళ్ళు మూసుకోబోతే రెప్పలు కూడా పడలేదు. కింద కెమెరా గాజు నల్లగా, లోతుగా, తడిగా మెరుస్తోంది... అందులో ఏడు చిన్న ముఖాలు గుండ్రంగా నిలబడి, తమను తామే చూసుకుంటున్నాయి!

"యా అల్లా! ఎవురన్నా రాండి!" షాహిదా కేక పెట్టింది. అడవి వైపు నుంచి ఢాం ఢాం అని టపాకాయల మోత. ఆ మోత ఆమె కేకను మింగేసింది. ఇంట్లో ఎవరి ఫోనో మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. పొయ్యి మీది పాయసం మాడుతున్న వాసన... పది అడుగుల దూరంలో వంటిల్లు! పది అడుగులు వెయ్యలేని ఏడుగురు మనుషులు!

వసారాలో చిన్న తెర ముందు మునిచంద్ర పద్మాసనం వేసుక్కూర్చున్నాడు. చొక్కా విప్పేశాడు. నుదుట నల్లని బొట్టు, మెడలో ఎముకల దండ! అతని నోటి నుంచి ఘోరమైన మంత్రం జలజలా రాలుతోంది. తెర మీద ఏడు ముఖాలు, నడుమ తెల్లని ఆకాశం. మంత్రం సాగేకొద్దీ ఒక్కొక్క ముఖం మసకబారుతోంది. ముందు పుంగనూరు అత్త... ఆమె తోడికోడలు... షాహిదా... అవ్వ... తెరలో ముఖం ఆరిపోయిన మనిషికి ఇక్కడ గొంతు ఆగిపోతోంది! ఊపిరి ఉంది. కళ్ళల్లో చూపు ఉంది. మాట లేదు!

"నాయనా, నీకు దండం పెడతా... నా ప్రాణం తీసుకో! నా బిడ్డను వదిలెయ్యప్పా!" అని రెడ్డెమ్మ ఏడ్చింది.

"నీ ముసలి ప్రాణం యెవురికి కావాలమ్మా?" అన్నాడు మునిచంద్ర. "ఇంగా కండ్లు తెరవని ప్రాణం కావాల నాకు!"

తెరలో రెడ్డెమ్మ ముఖం కూడా ఆరిపోయింది.

మిగిలింది అక్కాచెల్లెళ్ళు ఇద్దరే.

"భవీ..." అంది దీపిక. ఆ గొంతు వింటే రాయైనా కరుగుతుంది. "లోపల... కదల్లేదే. పొద్దున్నుంచి ఒగటే తంతా ఉన్నింది... ఇప్పుడు కదల్లేదే భవీ..."

ఆ మాట ముగుస్తూనే దీపిక ఒళ్ళు జలదరించింది. ముడి వీడి జుట్టు గుంతలోకి వేలాడింది. ఆమె నోటి నుంచి ఆమెది కాని గొంతు, మట్టి కింద మగ్గిన మగ గొంతు బుసకొట్టింది!

"ఆకలి...! ఏడు నెలల ముద్ద... నా నోటికాడికొచ్చిన ముద్ద...! హహ్హహ్హా!"

కెమెరా కింద మట్టి పొర కదిలింది. తెల్లని దవడ ఎముక ఒకటి బయటపడి, మెల్లగా... మెల్లగా... తెరుచుకోసాగింది!

అదే సమయానికి గంగాధరం అడవి అంచు నుంచి తిరిగి వస్తున్నాడు. ఏనుగులు లేవు. ఒక్క రాగి కంకి కూడా విరగలేదు. లేని ఏనుగులను తోలడానికి ఊరంతా టపాకాయలు కాలుస్తున్నారు! అతని మనసెందుకో కీడు శంకించింది. పెరటి తలుపు తట్టాడు. పలుకు లేదు. ప్రహరీ గోడ పట్టుకుని ఎగబాకి తొంగి చూశాడు...

చూసి కొయ్యబారిపోయాడు!

"రెడ్డెమ్మా! ఏం చేస్తాండారే ఆడ! అది గుంత కాదే... బొంద! మనిషిని పూడ్చే బొంద! దాని సుట్టూ నిలబడి మన్నేసేట్టు పూలేసినారేందే! కిందికి సూడొద్దండి! పైకి సూడండే!"

గోడ దూకాడు. మునిచంద్ర వెనక్కి తిరగకుండానే ఒక నిమ్మకాయ విసిరాడు. అది తగలగానే కాళ్ళు చచ్చుబడి గంగాధరం కూలిపోయాడు. "పైకి సూడండమ్మా... పైకి..." అని మాత్రం అరుస్తూనే ఉన్నాడు.

భవ్య తల ఎత్తబోయింది. మెడ ఎముకలు పటపటమన్నాయి. వెంట్రుకవాసి కూడా లేవలేదు. తెరలో ఆమె ముఖం కూడా మసకబారుతోంది. పైకి ఎలా చూడడం? తలే లేవకపోతే ఆకాశాన్ని ఎలా చూడడం?

అప్పుడు కనిపించింది ఆమెకు!

కెమెరా గాజు పైకే కదా చూస్తోంది... ఆ గాజులో ఏడు ముఖాల నడుమ, చిన్న తెల్లని బిళ్ళలా ఆకాశం ఉంది! అందరూ ఎవరి ముఖాన్ని వాళ్ళే చూసుకుంటూ కట్టుబడిపోయారు. నడుమ ఉన్న ఆకాశాన్ని ఎవరూ చూడలేదు. భవ్య తన ముఖం మీది నుంచి చూపును బలవంతంగా పీకేసి, ఆ తెల్లని బిళ్ళ మీద పెట్టింది. కళ్ళ నుంచి నీళ్ళతో పాటు నెత్తురు కారింది. అయినా తిప్పుకోలేదు.

'గంగమ్మ తల్లీ... నన్ను తీసుకో... అక్క బిడ్డను కదలనీ!'

వసారాలో మునిచంద్ర మంత్రం తడబడింది. తెరలో ఏదో మార్పు... నడుమ ఉన్న ఆకాశం ఎర్రబడుతోంది. పసుపు, కుంకుమ కలిసిన ఎరుపు. అందులో రెండు కళ్ళు... పెదాల నడుమ నాలుక... ఆకాశమంత ముఖం! మునిచంద్ర వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆరిపోయినవీ, మిగిలినవీ కలిపి ఏడు ముఖాలు. ఏడే ఉండాలి. ఎనిమిదోది ఎవరిది?

"ఒరేయ్!!"

చింతచెట్టు వేళ్ళతో సహా వణికింది! ఆ గర్జన భవ్య నోటి నుంచి వచ్చింది! సన్నటి గొంతు పిల్ల... ఇప్పుడు జుట్టు విరబోసుకుని, కళ్ళు చింతనిప్పులై, వంచిన తలను తాచుపాములా పైకెత్తి నిలబడింది! భుజాల గొలుసు ఫట్టున తెగింది. ఆడవాళ్ళు నలుదిక్కులా ఎగిరిపడ్డారు.

"నా బిడ్డలకు బొంద తవ్వినావురా నువ్వు! పైకి సూసే కన్ను పెట్టినావు కదరా... పైన యెవురుండారో సూసుకోలేదా!"

"త... తల్లీ... పోతా! యిడిసిపెట్టు! మదనపల్లెకు పోతా!"

కెమెరా కన్ను మూసేస్తే చాలు, ఈ ముఖం పోతుందనుకున్నాడు ఆ నీచుడు! పరుగున వచ్చి గుంత మీదికి వంగి చేయి చాపాడు. గుంత మీదికి ఇప్పుడు ఇంకెవరూ వంగి లేరు. వంగిన ముఖం అతనిది ఒక్కటే! ఆకలితో తెరుచుకున్న కపాలానికి అందిన ముఖం కూడా అదొక్కటే!

ఖణేల్... దవడ మూసుకుంది!

ఆకాశం చీల్చుకుని పిడుగు పడింది. ఒక్క క్షణం పెరడంతా తెల్లని మంట! ఆ మంటలో గుంత చుట్టూ మట్టి తనంతట తానే పిడికిలి పిడికిలిగా లేచి అతని మీద పడడం గంగాధరం చూశాడు. అతని చివరి కేక మట్టి కింద నుంచి వినిపించి... సన్నబడి... ఆగిపోయింది. తెర పగిలిపోయింది. గుంత ఉన్న చోట నేల చదునుగా, వేడిగా, పొగలు కక్కుతూ మిగిలింది.

గుడ్లగూబ లేదు. ఆకులు కదిలాయి. దూరంగా టపాకాయలు ఆగిపోయాయి.

దీపిక నేల మీద కూర్చుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు. ఊపిరి కూడా పీల్చడం లేదు.

భవ్య మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి అక్క చేతుల పక్కన తన చేయి పెట్టింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. గంగాధరం గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా..." అంది భవ్య. మామూలు గొంతే. పక్కనున్న రెడ్డెమ్మకు కూడా సరిగ్గా వినిపించలేదు.

"ఏందే? చెప్పవే! గట్టిగా చెప్పవే!"

"తన్నింది."