టెస్టింగ్ గదిలో పేలిన ఇన్వర్టర్

ఢామ్మని మోత వినిపించింది. డిజైన్ ఇంజినీరు ఒక్క పరుగున కింది అంతస్తుకి దిగేసరికి, ఏడాదిగా కంటికి రెప్పలా చూసుకున్న ఇన్వర్టర్ పొగలు కక్కుతోంది. పక్కన ఒకమ్మాయి తాపీగా గ్లౌజులు విప్పుకుంటోంది. కొత్తగా చేరిన టెస్టింగ్ ఇంజినీరు. వారం తిరక్కుండానే ఆఫీసు ఆమెకి ‘భస్మం మేడం’ అని పేరు పెట్టేసింది.

“ఏం చేశారండీ దాన్ని?”

“కరెంటు పోయినట్టు చేశాను. వచ్చినట్టు చేశాను. అది చచ్చినట్టు చేసింది. నటన అనుకున్నా, కాదు.”

“వెంటవెంటనే అన్నిసార్లు కరెంటు పోయి రావడం ఎక్కడైనా ఉంటుందా? మీది టెస్టింగా, పగా?”

“పగే అయితే మిమ్మల్ని దాని పక్కన నిలబెట్టి చేసేదాన్ని.”

ఆ ఇన్వర్టర్ ఒక ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి వెళ్లాలి. కరెంటు పోతే బ్యాటరీలతో, పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లని నడపాలి, రాగానే మళ్లీ లైనుతో కలవాలి. అతను మేనేజరుకి ఫిర్యాదు చేశాడు. ఆ పెద్దమనిషి గోడమీద పిల్లి. “ఇద్దరూ ఆసుపత్రికే వెళ్లి చూసి రండి” అని చేతులు దులుపుకున్నాడు.

దారంతా వాన. ఉన్నది ఒక్కటే గొడుగు, అదీ ఆమెది. అతను పౌరుషానికి పోయి తడిశాడు.

వార్డులో లైట్లు పోయాయి, వచ్చాయి, మళ్లీ పోయాయి. పాత ఇన్వర్టర్ కాసేపు మొరాయించింది. నర్సు తలెత్తకుండానే ఇంక్యుబేటర్ అద్దం లోపలికి చెయ్యి పెట్టి, అరచేతంత బిడ్డ ఒళ్లు చల్లబడిందేమో చూసింది.

“లిఫ్టు కదిలినప్పుడల్లా ఇంతేనమ్మా. వానొస్తే మరీను.”

అతను బయటికొచ్చాక మెల్లగా అన్నాడు.

“అనండి, నేను ముందే చెప్పానా అని.”

“అనను. ముందు తల తుడుచుకోండి. తుమ్మితే అదీ నా మీదకే వస్తుంది.” చేతిరుమాలు ఇచ్చి, గొడుగు సగం అతని మీదికి జరిపింది.

మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. తప్పు దొరికింది. కరెంటు రాగానే, లైనుతో లయ కుదిరిందో లేదో చూసుకోకుండా ఇన్వర్టర్ దూకేస్తోంది. ఆ దూకుడికి లోపలి స్విచ్‌లు మాడిపోతున్నాయి. కాస్త ఆగి, లయ చూసుకుని కలిసేలా అతను ప్రోగ్రాం మార్చాడు. రెండోది కూడా పేలింది. మూడోది పేలలేదు గానీ సొమ్మసిల్లింది. నాలుగోదాన్ని ఆమె రోజంతా కాల్చుకు తిన్నా చెక్కుచెదరలేదు.

“పాసయింది. మరి మీ మొహమేంటి, ఆముదం తాగినట్టుంది?”

“ఇక కిందికి రావడానికి నాకేం పనుంటుంది?”

ఆమె మెయిన్ స్విచ్ ఆపేసి ఇటు తిరిగింది. “నన్ను చూడ్డానికి మీకు పని కావాలా?”

“అక్కర్లేదు. రోజూ చూడాలని ఉంది. ఇంట్లో కూడా.”

“ఈ మాటకి ఇన్నాళ్లు పట్టిందా? పదండి, ముందు మీ అమ్మగారితో మాట్లాడతాను.”

ఆదివారం వాళ్లమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. “వీడికి ముక్కు మీదే కోపం. వేగగలవా తల్లీ?”

“తెలుసండీ, అరుస్తారు. కానీ తప్పు తనదే అని తేలితే, మర్నాడే వచ్చి దిద్దుకుంటారు.”

“అరవడం వాళ్ల నాన్న పోలికే. ఆ రెండోది ఎక్కడ నేర్చాడో మరి” అంటూ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

లోపలి గదిలో పేపరు చదువుతున్న పెద్దాయన గట్టిగా దగ్గారు.