ఒక్క లైన్లో ప్రమీల

పనిలో చేరిన మొదటి రోజే ప్రమీల అక్కడ కంప్యూటర్ పని చూసే ఫిన్నీతో తగువు పెట్టుకుంది.

తెనాలి స్టేషన్ ఎదురుగా మేడ మీది గది అది. యేసుదాసు గారు అక్కడ కూర్చుని లూథరన్ కుటుంబాలకు సంబంధాలు చూస్తారు. వధూవరుల వివరాలన్నీ పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఓ పాత ప్రోగ్రాములో ఉంటాయి. అందులో తప్పు దొరికినప్పుడల్లా ఫిన్నీ ఒక మనిషి రికార్డును తెర మీద పరిచి వెతికేవాడు. పుట్టిన తేదీ ఒక్కటే, కంప్యూటర్ లోపలి లెక్కలతో కలిపి, నలభై లైన్లు పట్టేది. పేరు ఎక్కడో అడుగున ఉండేది.

"పెళ్లికొడుకు పేరు కోసం ఇంత కిందికి దిగాలాండీ?" అంది ప్రమీల. "ఏది ఎలా కనబడాలో మనమే చెప్పుకోవచ్చుగా. మనిషికి ఒక్క లైను చాలు. పేరు, ఊరు, కుదిరిందా లేదా."

ఫిన్నీ మొహం మాడ్చుకున్నాడు గానీ మధ్యాహ్నానికి రాసేశాడు. వంద మంది ఒక్క తెరలో ఇమిడిపోయారు. ప్రమీల నవ్వింది. బాపట్లలోని ఇంటికి రైల్లో నిలబడి వెళ్లినా ఆ సాయంత్రం అతనికి కాళ్లు నొప్పి పుట్టలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ప్రమీల వాళ్ల నాన్న రేపల్లె నుంచి వచ్చి కూతురి పేరూ అక్కడే రాయించి వెళ్లాడు. చేబ్రోలు వాళ్లు అడుగుతున్నారని, ఆదివారం చూపులని తెలిసింది. ఫిన్నీ ఆమె రికార్డుకు మాత్రం ఎలా కనబడాలో విడిగా ఒక నియమం రాసి, తెర మీద చూసుకున్నాడు.

"ప్రమీల, రేపల్లె: కుదిరింది, బాపట్ల."

చూసుకుని తీసేద్దామనుకున్నాడు. ఇంతలో ఆమె టీ తెచ్చింది. మర్చిపోయాడు.

ఆ ఒక్క లైన్ల జాబితా తప్పులు వెతకడానికే. యేసుదాసు గారికి అది తెగ నచ్చి తన కంప్యూటర్లోనూ పెట్టించుకున్నారు. శుక్రవారం చేబ్రోలు వాళ్లు చూపుల సంగతి మాట్లాడడానికి వస్తే, ఆయన తెర చూసి నొచ్చుకుని, కాఫీ ఇప్పించి పంపేశారు. ఆ వెంటనే రేపల్లెకు ఫోన్ చేసి, ఇంత శుభవార్త నా దగ్గరే దాస్తారా అని ప్రమీల వాళ్ల నాన్నను ప్రేమగా కేకలేశారు.

ప్రమీల ఫోన్ పట్టుకుని ఫిన్నీ బల్ల దగ్గరికి వచ్చింది.

"మా నాన్న లైన్లో ఉన్నాడు. బాపట్లలో ఎవరని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?"

ఫిన్నీకి చెమటలు పట్టాయి. "లోపల డేటా ముట్టుకోలేదండి. పెళ్లి కాలేదనే ఉంది. కనబడేది ఒక్కటే మార్చాను."

"ఎందుకు?"

"అలా కనబడితే ఎలా ఉంటుందో చూద్దామని."

"ఎలా ఉంది?"

"తీసెయ్యబుద్ధి కాలేదండి."

పైన ఫ్యాను తిరుగుతున్నందుకు ఫిన్నీ మనసులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

"ఇంత చక్కగా చూపించడం తెలిసిన మనిషికి ఆ మాట చెప్పడానికి నాలుగు నెలలు పట్టిందా?" అని, ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"నాన్నా, ఆదివారం ఆరాధన అయ్యాక బాపట్ల వాళ్లు వస్తారు. లేదు నాన్నా, కంప్యూటర్ తొందరపడింది. కుదరడం ఇప్పుడే కుదిరింది."