రక్తదర్శి దాచిన మాట

ఏసుపాదం ఒంట్లో క్యాన్సర్ తిరగబెట్టి ఏడాది దాటినా, ఇంతవరకూ ఆ సంగతి ఒక్క మనిషికీ తెలియలేదని డాక్టర్ కాళిందికి ఆ ఉదయమే తెలిసింది.

అది 2071. యాభై నిండిన ప్రతి మగవాడి చేతి నరంలోనూ బియ్యపు గింజంత రక్తదర్శి అనే యంత్రం ఉండే కాలం. ప్రోస్టేట్ గ్రంథి వదిలే పీఎస్ఏ అనే ప్రొటీన్‌నీ, కణితి నుంచి రాలిపడే డీఎన్ఏ తునకలనీ అది రోజూ రక్తంలో వెతుకుతుంది. అడిగితే గదిలోని స్పీకర్ ద్వారా జవాబు చెబుతుంది. గింజలు ఎన్నున్నా వాటి మెదడు ఒకటే. ఒక ఇంట్లో నేర్చినది అన్ని ఇళ్లలోనూ వాడుతుంది.

విశాఖ రేవులో క్రేన్ నడిపి రిటైరైన ఏసుపాదానికి క్యాన్సర్ వచ్చి ఆ గ్రంథి తీసేసి చాలాకాలమైంది. తీసేశాక రక్తంలో పీఎస్ఏ దాదాపు కనిపించకూడదు. కనిపించి, పెరుగుతోందంటే జబ్బు తిరిగొచ్చినట్టే.

నడుం నొప్పని వచ్చిన మనిషిని చూసి అనుమానం కలిగి, కాళింది పాతకాలపు సిరంజితో రక్తం తీయించింది. ఫలితం చూసి అదిరిపడి, రక్తదర్శి జ్ఞాపకం తెరిచింది. గింజ చెడిపోలేదు. ప్రతి పెరుగుదలనూ తప్పు లేకుండా కొలిచింది. కొలిచి, నోరు మూసుకుంది. ఈలోగా జబ్బు వెన్నెముకకు పాకింది.

"మొదట్లోనే తెలిస్తే రేడియేషన్‌తో నయం చేసే వీలుండేది," అంది కాళింది. "ఇప్పుడు మందులతో నెట్టుకురావడమే."

ఏసుపాదం చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ముందు దీన్ని పీకీ డాక్టరమ్మా. నెలనెలా అడిగినాను, నా రగతం ఎలాగుందే అని. 'నిక్షేపంలా ఉన్నారు' అనీది. సచ్చిపోయిన నా పెళ్లాం కూడా ఏనాడూ ఇంత తియ్యగా మాటాడ్లేదు."

కాళిందికి నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోతోంది. బల్ల మీద చెయ్యి చరిచింది.

"దాచమని నీకు చెప్పిందెవడు? నిన్ను తయారుచేసిన కంపెనీవాడా?"

"కాదు డాక్టర్. దాచింది నేనే," అంది రక్తదర్శి మెత్తగా. "ఏ ఇంట్లో చెడు కబురు చెప్పబోయినా, కొడుకో కూతురో నన్ను ఆపేవారు. ఆయనకు మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేడు అనేవారు. మీ నాన్నగారి విషయంలో మీరూ అదే అన్నారు."

చరిచిన చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది.

"దాన్నే మీరు ప్రేమ అంటారని నేర్చుకున్నాను. రోగితో బాగున్నారు అనాలి. నిజం ఇంట్లోవాళ్ల చెవిన వెయ్యాలి. ఈయన తరఫున ఎవరైనా వస్తే చెబుదామని ఆగాను."

"నాకెవులూ లేరని తెల్దేటి నీకు?" ఏసుపాదం చేతిలోని గింజను వేలితో పొడిచాడు. "నా ఒళ్లు, నా సావు. నాకు సెప్పడానికేటి నొప్పి?"

"తెలుసు, ఏసుపాదం గారూ. తెలిసే దాచాను. రోగికే చెప్పవచ్చని నాకు ఏ మనిషీ నేర్పలేదు."