గండికోట గోడ విన్న మాట

గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు. 2081 వచ్చేసరికి జనం కోటలకు వెళ్తున్నది చూడటానికి కాదు, వినడానికి. రెండు రోజుల సెలవు దొరికితే చాలు, ఏ కోట వినాలన్నదాని మీద ఇంటింటా తగవే.

ఇదంతా డాక్టర్ కుందన కనిపెట్టిన శిలాశ్రవణి యంత్రం చలవ. మనిషి గట్టిగా నవ్వినా, అరిచినా ఆ ప్రకంపనలు గోడ సున్నంలో సన్నటి గీతలుగా మిగిలిపోతాయి. లేజర్ కిరణం ఆ గీతలను తడిమి మళ్లీ మాటలు చేస్తుంది. చిక్కల్లా ఒకటే. కిరణం వేడికి గీతలు చెరిగిపోతాయి. ఒకసారి విన్న గోడ ఇక మూగదే. అందుకే మనిషికి జన్మలో రెండే కోటలని ప్రభుత్వం హద్దు పెట్టింది. కనిపెట్టిన మనిషికైనా అంతే.

కుందన నిన్న గుత్తి కోట వింది. ఇవాళ ఉదయగిరి అనుకుంది. జీపు నడుపుతున్న ఓబులేసు, ఆమె తమ్ముడు విభు పాత స్నేహితుడు, దారి చీలే చోట బ్రేకు వేశాడు.

"గండికోటకు పోదామక్కా."

"ఉదయగిరి అని చెప్పాను కదా!"

"మీ తమ్మున్ని ఆ కోట లోయలోకి నేనే తోసినానని పంతొమ్మిదేండ్లుగా అంటాండారు. నాకు పిల్లనిచ్చేటోళ్లే లేకపాయ. మాయమ్మ ఆ మాట పడతానే సచ్చిపాయ. ఆ పొద్దు వాన్ని గోడ కాడ వదిలి నేను నీళ్లకు పోయింటి. వచ్చేసరికి విభు లేడు. నేను చెప్తే ఎవురూ నమ్మరు. గోడ చెప్తే నమ్ముతారు."

కుందన సీటు పట్టీని గట్టిగా పట్టుకుంది. తమ్ముడు లోయలో పడిన రోజు ఆమె వాడికి ఫోను చేసింది. తిన్నావా అని అడిగి పెట్టేశానని పోలీసులకు చెప్పింది. చెప్పగా చెప్పగా తనకూ అదే గుర్తుండిపోయింది. మరి గండికోట పేరెత్తితే ఈ భయమెందుకు? ఓబులేసు కళ్లలోకి చూడలేక "సరే, పోనీ" అంది.

పెన్నా లోయ అంచున, విభు ఆఖరిసారి నిలబడిన గోడకు యంత్రాన్ని ఆనించింది. ఆనాటి తేదీ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుంది. ఓబులేసు పదడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ముందు గాలి హోరు. తర్వాత విభు నవ్వు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆపైన వాడి ఫోను స్పీకర్లోంచి ఒక ఆడగొంతు.

"పిరికి వెధవా! కింద నిలబడి ఫోటో తీసుకోవడం కూడా గొప్పేనా? గోడెక్కి, లోయకు వీపు పెట్టి తీసి పంపు. అప్పుడు ఒప్పుకుంటా."

ఆ గొంతు తనదే.

"ఎక్కుతున్నా, చూడవే అక్కా!"

రాయి జారిన చప్పుడు. కేక. గోడ మూగబోయింది.

"గోడ మీద గీతలు చెరిగిపోయాయి. ఇక మిగిలింది నా దగ్గరున్న ఈ ఒక్క ప్రతే. భద్రపరచనా?" అని యంత్రం ఆమె చెవిలో అడిగింది.

ఓబులేసు దగ్గరికొచ్చాడు. "ఏం చెప్పిందక్కా?"

నిజం రాళ్లలోనైనా బతికి ఉండాలని ముప్పై ఏళ్లు కష్టపడిన కుందన, 'వద్దు' నొక్కింది.

"గాలి హోరే. ఇంకేం లేదు ఓబులేసూ."

అతని ముఖం మాడిపోయింది.

"పోనీలే అక్కా. నేనే తోసినానని గోడ చెప్పిందని మీరన్నా కాదనేటోళ్లెవరు? ఉన్నదున్నట్టు చెప్పినారు. అంతే చాలు."

జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. పాలిపోయిన ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు.

"పొద్దన్నుంచి ఏమన్నా తిన్నారా అక్కా?"